ఎండని తడి

మేము తోడల్లుళ్ళము. ఒకే కర్మాగారంలో, ఒకే విభాగంలో ఉద్యోగం. విశాఖపట్నంలో మా క్వార్టర్లు కూడా పక్కపక్కనే. పగలంతా హైడ్రాలిక్ యంత్రాల మధ్య గడిపి, ఎక్కడ నూనె చెమర్చినా పసిగట్టడమే మా ఇద్దరి వృత్తి. అటువంటి మేము సొంత కారులో కారుతున్న ద్రవాన్ని మూడు నెలలపాటు గుర్తించలేకపోయామని తెలిసి విభాగంలోని మిత్రులు నవ్వారు. ఆ నవ్వుకు మేము అర్హులమే.

అది 1994 నాటి మారుతి 800. మామగారు తాము నడిపినంత కాలం నడిపి మా ఇద్దరికీ కలిపి ఇచ్చారు. ఒక వారం ఒకరింట, మరుసటి వారం రెండవవారింట ఉండేది. పెట్రోలుకు లెక్క ఉండేది గాని బ్రేకాయిలుకు లెక్క లేదు. బానెట్ ఎత్తినప్పుడు తెల్లని డబ్బాలో మట్టం తగ్గి కనబడితే, ఎవరి వారంలో వారు కాస్త పోసి మూత బిగించేవారము. బ్రేకు ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం కొంత దిగడం సహజమే. ఆ సంగతి తెలిసి ఉండడమే మమ్మల్ని మోసగించింది. అరుగుదల వల్ల దిగే మట్టం నెలల తరబడి నెమ్మదిగా దిగుతుంది. మాది పదిహేను రోజులకే వేలెడు దిగుతోంది. చెరొక సగం పోస్తూ, ఒకరితో ఒకరు చెప్పుకోనందువల్ల ఆ వేగం ఏ ఒక్కరికీ తెలిసిరాలేదు.

2008 వర్షాకాలంలో డ్రైవరు కాళ్ళ కింది మ్యాట్టు తడిగా ఉండసాగింది. వాన నీరని సరిపెట్టుకున్నాము.

ఆ రోజులలోనే ఒక ఆదివారం అత్తగారిని వెంటబెట్టుకొని సింహాచలం వెళ్ళాము. దర్శనం చేసుకొని ఘాట్ రోడ్డు దిగుతుండగా మొదటి మలుపులో పెడల్ గట్టిగానే తగిలింది. తరువాతి మలుపులో, నొక్కి పట్టిన పాదం కింద అది మెల్లగా, బురదలో అడుగు వేసినట్లు, లోపలికి దిగిపోయింది. గేరును రెండుకు, పిదప ఒకటికి దించి, పెడల్‌ను వదిలి వదిలి తొక్కుతూ, హ్యాండ్‌బ్రేకును కొద్దికొద్దిగా లాగుతూ, కొండవైపు అంచున ఎలాగో ఆపగలిగాము. వెనుక సీటులోనుండి అత్తగారు “ఏం నాయనా, ఇక్కడ ఆపారేం?” అన్నారు. జవాబు చెప్పడానికి మాలో ఎవరికీ గొంతు పెగలలేదు. ఆమెను ఆటోలో పంపి, కారును క్రేనుతో ఇంటికి చేర్చాము.

మరునాడు ఇద్దరమూ సెలవు పెట్టాము. నాలుగు చక్రాల లోపలి వైపులు, గొట్టాలు, జాయింట్లు అన్నీ పొడిగా ఉన్నాయి. పోసిన ద్రవం ఎటు పోయినట్లు? అప్పుడు మ్యాట్టు గుర్తుకు వచ్చింది. అంతకు నాలుగు రోజుల ముందే వాన వెలిసింది. అయినా మ్యాట్టు ఎండలేదు. ముట్టుకుంటే వేళ్ళకు జారుడుగా తగిలింది. పెడల్ పైభాగాన, పుష్‌రాడ్ లోపలికి వెళ్ళే చోట, పెయింటు పొక్కులు లేచి ఊడివచ్చింది. నీరు అలా చేయదు. అది మాస్టర్ సిలిండరు వెనుక రబ్బరు కప్పును దాటి, రాడ్ వెంట జారి, మా కాళ్ళ కిందికే చేరుతోంది. మా కారుకు బూస్టరు లేదు గనుక కనీసం మ్యాట్టు తడిసింది. బూస్టరు ఉన్న కార్లలో అదే ద్రవం బూస్టరు లోపల చేరి బయటకు జాడ తెలియనీయదు.

పెడల్ దిగిపోవడానికి రెండవ కారణం కూడా ఉంది. పిస్టను ముందున్న కప్పు అరిగితే, ఒత్తిడి పట్టిన ద్రవం దానిని దాటి తిరిగి డబ్బాలోకే వెళ్ళిపోతుంది. మట్టం తగ్గదు, పెడల్ మాత్రం కుంగుతుంది. మా సిలిండరులో రెండు కప్పులూ పాడయ్యాయి. ఆనాడు మమ్మల్ని ఆపినది దానిలోని రెండవ గది. రెండు గదులు విడివిడిగా పనిచేసే సిలిండరు గనుకనే ఒకటి చెడినా మరొకటి కొంత పట్టింది.

డబ్బాలోని ద్రవాన్ని సిరంజితో తోడి, చుట్టూ గుడ్డలు పరచి, గొట్టాలు విప్పి సిలిండరును బయటకు తీశాము. రబ్బరు కిట్టు వేస్తే చవకలో పోతుందని చిన్నల్లుని వాదన. పెద్దల్లుడు సిలిండరు లోపల గోరుతో గీరి చూడమన్నాడు. గోరు గుంటలలో తట్టుకుంది. మనం ఆయిలు అంటాము గాని అది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. తేమ పట్టినదానికి ఆ హద్దు 140. ఆ తేమే లోపల తుప్పు పట్టించి గుంటలు చేసింది. గుంటల మీద కొత్త రబ్బరు ఎన్నాళ్ళు నిలుస్తుంది? సిలిండరు మొత్తం కొత్తదే కొన్నాము.

బిగించేటప్పుడు పుష్‌రాడ్‌కూ పిస్టనుకూ మధ్య రవంత సందు ఉండాలి. లేకుంటే ద్రవం వెనుకకు మరలే రంధ్రం తెరుచుకోక బ్రేకులు పట్టేసి ఉంటాయి. పిదప గాలి తీయడం. పెద్దల్లుడు పెడల్ వద్ద, చిన్నల్లుడు చక్రం వద్ద. “తొక్కాను” అనగానే నిపుల్ వదులు చేయడం, “బిగించాను” అన్నాకనే పాదం ఎత్తడం. క్రమం తప్పితే మళ్ళీ గాలి లోపలికి. సాయంత్రం దాకా కాలనీ అంతా మా కేకలు విన్నది. చివరకు పెడల్‌ను గట్టిగా తొక్కి గడియారం చూస్తూ రెండు నిమిషాలు పట్టి ఉంచాము. అంగుళం కూడా కదలలేదు.

డబ్బా మీద మట్టం వద్ద పెన్నుతో గీత గీసి, తేదీ వేశాము. డ్యాష్‌బోర్డులో ఒక చిన్న పుస్తకం పెట్టాము. ఎవరు ఎంత పోసినా అందులో వ్రాయాలని ఒప్పందం. ఆ పుస్తకంలో చాలాకాలం ఒక్క పంక్తి కూడా పడలేదు.

అత్తగారు మా పనిని మెచ్చుకొని ఇద్దరికీ పులిహోర పెట్టారు. ఆ తరువాత కొండకు మాత్రం బస్సులోనే వెళ్ళేవారు.