మోసే స్తంభం, మొయ్యని స్తంభం

ఏథెన్స్

చిరంజీవి తమ్ముడికి,

పొద్దున్నే అక్రోపొలిస్ కొండెక్కాం. జనం తొక్కీ తొక్కీ పాలరాయి నున్నబడి జారుతోంది. మీ బావ చెయ్యి వదలకుండా నడిచాను.

పైన పార్థెనాన్ గుడి. క్రీ.పూ. 447లో మొదలుపెట్టి పదిహేనేళ్ళలో శిల్పాలతో సహా ముగించారు. చుట్టూ 46 స్తంభాలు, ఒక్కోటి పది మీటర్ల పైమాటే. ఇది డోరిక్ పద్ధతి. కింద పీఠం ఉండదు, నేరుగా అరుగు మీదే నిలుస్తుంది. ఒంటికి 20 నిలువు గాళ్ళు. నెత్తిన మన ఆడవాళ్ళు బిందె కింద పెట్టుకునే చుట్టకుదురు లాంటి గుండ్రటి రాయి, దాని మీద పలక. అంతకుమించి అలంకారం లేదు.

దగ్గరికెళ్ళి చూస్తే ఒక్కటీ తిన్నగా లేదు! పైకి పోయేకొద్దీ సన్నబడే స్తంభం మధ్యలో కాస్త ఉబ్బుతుంది. అన్నీ రవ్వంత లోపలికి వాలి ఉన్నాయి. వెనక ఆకాశం ఉంటే సన్నగా కనిపిస్తాయని మూల స్తంభాలను లావు చేశారట. ఏదీ ఏకశిల కాదు, పెంటెలీ కొండ పాలరాతి దిమ్మలను సున్నం లేకుండా పేర్చారు. పాతవాళ్ళు రాళ్ళ మధ్య ఇనుప బద్దలు వేసి, తుప్పు పట్టకుండా సీసం పోసేవారు. 20వ శతాబ్దం మొదట్లో మరమ్మతు చేసినవాళ్ళు ఆ జాగ్రత్త మానేశారు. ఇనుము తుప్పుపట్టి ఉబ్బి రాతిని చీల్చింది. ఇప్పుడు దాన్ని పీకి టైటానియం వేస్తున్నారు. ఇంజనీర్లకు ఇదొక్కటి చూపిస్తే చాలు.

పక్కనే ఎరెక్థియన్ గుడి. అక్కడివి అయోనిక్ స్తంభాలు. సన్నగా, పీఠంతో, తలకు రెండు వైపులా చుట్టలతో ఉంటాయి. ఒక వసారాలో స్తంభాల బదులు ఆరుగురు ఆడపిల్లలు కప్పు మోస్తున్నారు. కొండ మీదున్నవి నకళ్ళు. అసలువి ఐదు కింద మ్యూజియంలో, ఒకటి లండన్‌లో.

మీ అక్క

రోమ్

తమ్ముడూ,

ఏథెన్స్ వదిలేముందు ఒలింపియన్ జియస్ గుడి చూశాం. 104 స్తంభాల్లో 15 నిలిచాయి. 1852 గాలివానకు పడ్డది ఒకటి దిమ్మలు దిమ్మలుగా నేలమీదే ఉంది. ఇవి కొరింథియన్, తలనిండా అకాంథస్ ఆకులే. ఒక పిల్ల సమాధి మీద పెట్టిన బుట్ట చుట్టూ ఆకులు అల్లుకుంటే, అది చూసి కల్లిమాకస్ అనే శిల్పి ఈ రూపం కల్పించాడని రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రాశాడు. కథ బాగుంది గానీ నాకు నమ్మబుద్ధి కాలేదు.

రోమన్లకు ఆ ఆకులంటే మహా మోజు. కొలోసియంలో కింది అంతస్తుకు సాదా టస్కన్, రెండోదానికి అయోనిక్, మూడోదానికి కొరింథియన్. అన్నీ గోడకు అంటిన అర్ధ స్తంభాలే, బరువు మోసేవి వెనకున్న కమానులు. టైటస్ తోరణం మీద చుట్టలూ ఆకులూ కలిపేసి కాంపోజిట్ చేశారు. నా కంటికి అది మరీ ఎక్కువైంది.

పాంథియన్ ముందు మాత్రం నోరెత్తలేదు. వసారాలో 16 స్తంభాలు, ఒక్కోటి దాదాపు 12 మీటర్ల ఏకశిల గ్రానైట్. ఈజిప్టులో తొలిచి ఓడల్లో తెచ్చారు. ఇవి నిజంగానే కప్పు మోస్తున్నాయి.

కొత్తింటి పోర్టికోకు అచ్చులో పోసిన ఆకుల స్తంభాలు పెట్టిస్తానన్నావు. స్లాబు మోసేవైతే నీ ఇష్టం. ఉత్త అతికింపులైతే వద్దని మేస్త్రీకి ఇవాళే చెప్పు.

మీ అక్క