బెత్తెడెత్తు

వీరఘట్టంలో పుట్టి మా విజయనగరంలో సాము నేర్చిన కోడి రామమూర్తి పేరెత్తితే చాలు, మా ఊరివాళ్ళు తామే ఏనుగును మోసినట్లు రొమ్ము విరుచుకుంటారు. నేనూ అంతే. తెలుగు లెక్చరర్ని. నేను మోసిన పెద్ద బరువల్లా పరీక్ష పేపర్ల కట్ట! అయినా ఆయన గుండెమీద ఏనుగు నడిచిన కథ క్లాసులో చెబుతుంటే నా గొంతు పెద్దదవుతుంది. చివరిదశలో ఆయనకు కాలు తీసివేయవలసి వచ్చిందన్న ముక్క మాత్రం దాటవేసేవాణ్ణి. బలవంతుడి కథలో అదెందుకని.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరితోటల్ని నేలకూల్చింది. అక్కడ మా పినతండ్రిగారింటి పెంకులు సర్దబోయి మా తమ్ముడు జారిపడ్డాడు. ప్రాణం దక్కింది గానీ, నడుము నుంచి కిందికి స్పర్శా చలనమూ పోయాయి.

ఇంటికి తెచ్చి పువ్వులా చూసుకున్నాం. మంచంమీంచి కుర్చీలోకి నేనే ఎత్తేవాణ్ణి. మంచినీళ్ళందించడానికి అమ్మ, దిండు సర్దడానికి మా ఆవిడ. "కదలకు నాయనా" అన్నదే మా ఇంటి మంత్రం. ఆరు నెలలకు మంత్రం ఫలించింది! చేతులు పుల్లలయ్యాయి. కూర్చునే చోట పుండు పడింది. స్పర్శ లేదు గనుక ఆ సంగతి వాడికే తెలియలేదు.

పుండు మానాక ఒక ఫిజియోథెరపిస్టు కుర్రాడు వచ్చాడు. "మాస్టారూ, మీరు ఎత్తినంతకాలం ఆయన లేవరు" అన్నాడు. ముందు కోపం వచ్చింది. తరువాత సిగ్గేసింది.

కాళ్ళ పని ఇక చేతులే చేయాలన్నాడు. కుర్చీ చేతులమీద అరచేతులానించి ఒళ్ళు బెత్తెడు పైకి లేపాలి. పావుగంటకో అరగంటకో ముందుకు వంగి, కూర్చున్నచోట బరువు తియ్యాలి. వారానికి రెండుసార్లు ఛాతీకి, వీపుకు, భుజాలకు, చేతులకు మూడేసి విడతల కసరత్తు. ఎప్పుడూ నెట్టడమే అయితే భుజం కీలు పాడవుతుందని, కిటికీ ఊచకు రబ్బరు పట్టీ కట్టి వెనక్కి లాగించాడు కూడా.

ఇదేమీ కొత్త విద్య కాదు. ఇంగ్లండులోని స్టోక్ మాండివిల్ ఆసుపత్రిలో 1944లో లుడ్విగ్ గట్‌మన్ అనే వైద్యుడు, ఇక ఇంతేనని వదిలేసిన సైనికులచేత వ్యాయామం చేయించాడు. 1948లో వాళ్ళచేత విల్లు పట్టించి పోటీలే పెట్టాడు. 1965 యుద్ధంలో తూటాలు తగిలి కాళ్ళు పడిపోయిన మన సైనికుడు మురళీకాంత్ పేట్కర్, 1972లో హైడెల్‌బర్గ్‌లో ఈదింది చేతుల బలంతోనే. బంగారు పతకం తెచ్చాడు.

ఒక సాయంత్రం తమ్ముడు మంచానికీ కుర్చీకీ మధ్య పలక వేసుకుని, తనంతట తానే జరగబోయాడు. చేతులు వణుకుతున్నాయి. అమ్మ లేవబోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను. నా రెండో చెయ్యి కూడా ఆగనంటోంది. దాన్ని తొడకింద నొక్కిపెట్టాను.

బెత్తెడు లేచాడు. జరిగాడు. కూర్చున్నాడు.

"ఏటన్నయ్యా, కసరత్తు నేను చేస్తే చెమటలు నీకా?" అన్నాడు.

రామమూర్తిగారి కథలో ఆ కాలి ముక్క ఇప్పుడు దాటవేయడం లేదు.