ఒడ్డునకు ఏడు మీటర్లు

పక్షివలె ఎగురవలెనను కోరిక మానవునికి క్రొత్తది కాదు. ఆ కోరిక ఎంత పాతదో, పడిపోవుదుమను భయమును అంత పాతదే. రామాయణమునందలి సంపాతి కథ మీరు వినియే యుందురు. సంపాతి జటాయువులను అన్నదమ్ములు సూర్యుని దరికి ఎగిరిరి. ఎండకు సొమ్మసిల్లిన తమ్మునిపై అన్న తన రెక్కలు కప్పెను. తమ్ముడు బ్రతికెను, అన్న రెక్కలు కాలి వింధ్యపర్వతముపై పడెను. గ్రీకుల పురాణములోను ఇట్టి కథ కలదు. క్రీటు ద్వీపమున బందీగా నున్న డెడాలస్ అను శిల్పి, ఈకలను మైనముతో అతికి తనకును, తన కుమారుడగు ఇకారస్‌కును రెక్కలు చేసెను. కుమారుడు తండ్రి మాట మరచి సూర్యుని సమీపించెను. మైనము కరగెను; బాలుడు సముద్రమున పడెను. ఈ రెండింటిలో నాకు సంపాతి కథయే ఎక్కువ ఇష్టము. తెలుగు పండితుని పక్షపాతమని మీరనుకొన్నను సరే.

ఆ డెడాలస్ పేరే పెట్టుకొని 1988లో ఒక విమానము నిజముగ క్రీటునుండి ఎగిరినది. దానికి ఇంజను లేదు. సైకిలు త్రొక్కినట్లు ఒక మనిషి త్రొక్కుచుండగ ముందరి పంకా తిరుగును. ఆ పంకాయే విమానమును లాగును. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందినవారు దానిని నిర్మించిరి. రెక్కల విస్తారము 34 మీటర్లు. అనగా నేడు మన విమానాశ్రయములలో కనిపించు ఎయిర్‌బస్ ఎ320 రెక్కలకు దాదాపు సమానము. బరువో, 31 కిలోలు మాత్రమే. మీలో చాలమంది దానికంటె బరువుందురు! కార్బను నారతో చేసిన గొట్టములు దాని ఎముకలు. పలుచని ప్లాస్టికు పొర దాని చర్మము.

ఇంత తేలికగ చేయుటకు కారణము కలదు. బాగుగ సాధన చేసిన క్రీడాకారుడైనను గంటల తరబడి ఇయ్యగల శక్తి సుమారు 200 వాట్లు. ఇంటిలో రెండు పాతకాలపు బల్బులు వెలిగించుటకు అది సరిపోవును. విమానమునకు ఒక్క కిలో పెంచినను దానిని దారి పొడవున ఆ రెండు కాళ్లే మోయవలెను. కనుక కావలసినంత బలమే ఉంచి, మిగిలినదంతయు తీసివేసిరి. అందలి గండము వారికి తెలియనిది కాదు. ఆ ఫిబ్రవరిలోనే కాలిఫోర్నియాలోని ఎండిన సరస్సుపై పరీక్షలు జరుగుచుండగ దీని జతవిమానము కూలి దెబ్బతినియుండెను.

ఐదుగురు క్రీడాకారులు వంతులవారీగ సిద్ధముగ నుండి మంచి వాతావరణమునకై వేచిరి. ఏప్రిల్ 23వ తేదీ ఉదయమున గ్రీకు సైకిలు వీరుడు కనెల్లోస్ కనెల్లోపులోస్ వంతు వచ్చెను. హెరాక్లియన్ నుండి బయలుదేరి, నీటికి కొలది మీటర్ల ఎత్తున, ఉత్తరముననున్న శాంటోరిని ద్వీపమువైపు త్రొక్కుచు పోయెను. క్రింద పడవలు వెంట నడచినవి. చక్కెరయు ఉప్పును కలిపిన నీరే అతని ఆహారము. గాలి వెనుకనుండి తోడ్పడెను. 115 కిలోమీటర్లు, 3 గంటల 54 నిమిషములు!

ఎదుట పెరిస్సా తీరము కనిపించెను. అది విమానాశ్రయము కాదు. నల్లని ఇసుక పరచుకొనిన సముద్రపుటొడ్డు. నడిసముద్రమున నిలకడగ వీచు గాలి నేలను చేరునప్పుడు కొండలకు తగిలి, ఎండకు వేడెక్కిన ఇసుకపై చెదరి, విసరులు విసరులుగ వీచును. తేలిక విమానములను పొలములలో దింపువారు సైతము ఈ చివరి గాలికే భయపడుదురు. గంటకు 250 కిలోమీటర్ల వేగమున దిగు పెద్ద విమానమునకు 15 కిలోమీటర్ల విసురు లెక్కలోనిది కాదు. ఈ విమానపు వేగమే సుమారు 25 కిలోమీటర్లు! దిగుటకై గాలికి ఎదురుగ తిరుగుచుండగ విసురు తగిలెను. తోకను పట్టియుంచు గొట్టము విరిగెను. వెంటనే రెక్క విరిగెను. ఒడ్డునకు సుమారు 7 మీటర్ల దూరమున విమానము నీటిలో పడెను. కనెల్లోపులోస్ ఈదుకొని ఒడ్డు చేరెను.

ఇకారస్ మిక్కిలి ఎత్తునకు పోయి పడినాడు. ఇతడు నేలను సమీపించి పడినాడు. విరిగిన గొట్టమును మరికొంత లావుగ చేసియుండరాదా అని కొందరందురు. చేయవచ్చును. కాని ఆ బరువును 115 కిలోమీటర్లు ఎవరు మోయవలెను? మానవశక్తితో ఎగిరిన దూరములో ఆ నాటి లెక్కను నేటివరకు ఎవరును దాటలేదు.

ప్రధానోపాధ్యాయుడనుగ నున్నప్పుడు ఒకమారు ఎనిమిదవ తరగతిలో ఈ కథ చెప్పితిని. “ఒడ్డు చేరలేదు గదా, మాస్టారూ! మరి గెలిచినట్లెట్లగును?” అని ఒక బాలుడు లేచెను. “విమానము చేరలేదు, మనిషి చేరినాడు గదా!” అని ఒక బాలిక బదులు చెప్పెను. తరగతి రెండు పక్షములయ్యెను. నేను తీర్పు చెప్పక, టేపునిచ్చి ఆటస్థలములోనికి పంపితిని. వారు గంటస్తంభము మొదలుకొని వేపచెట్టువైపు 7 మీటర్లు కొలిచి, సుద్దతో గీత గీసి, అటునిటు నడచి చూచిరి. పది అడుగులైనను పట్టలేదు. తిరిగి వచ్చునప్పటికి చాలమంది మాట మార్చియుండిరి. మొదట లేచిన బాలుడు మాత్రము మార్చలేదు.