పేకప్ లేని షూటింగ్!

షూటింగ్ అనగానే కెమెరా, క్లాప్ గుర్తొచ్చాయా? ఇది వేరే షూటింగ్ లెండి!

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్పార్టాలో మూడున్నర మైళ్ల పొడవునా 120 ట్రాప్ మైదానాలు. గాల్లోకెగిరే నాలుగంగుళాల బిళ్లల్ని తుపాకీతో పేల్చాలి. గ్రాండ్ అమెరికన్ పోటీలు 2006లో ఇక్కడికి మారాయి. పక్కనే వెయ్యికి పైగా బళ్లు నిలిపే చోటు.

వచ్చేవాళ్లలో కొందరికి ఆర్.వి. అనే ఆ బండే ఇల్లు. వంట, పడక, తాళం వేసిన తుపాకీ పెట్టె అన్నీ అందులోనే. మన తారలు పేకప్ కాగానే కారవాన్ దిగి ఇంటికెళ్తారు. వీళ్లకి దిగి వెళ్లే ఇల్లు లేదు!

అన్నట్టు, రాష్ట్రం మారితే తుపాకీ చట్టమూ మారుతుంది. స్వేచ్ఛ కోసం ఇల్లొదిలినవాళ్లు కూడా సరిహద్దు వచ్చేసరికి తూటాలు తీశామా, తాళం వేశామా అని చూసుకోవాల్సిందే. గడపలేని కాపురానికి దాటాల్సిన గడపలెన్నో!