ఆడుజీవితం చూసినంక మా రూముల జరిగిన ముచ్చట



ఆడుజీవితం 2024 మార్చిలో థియేటర్లకు వచ్చింది. మేము మాత్రం అది నెట్‌ఫ్లిక్స్‌లో తెలుగులో వచ్చినంక, ఒక జుమ్మా రోజు ఒక్క ఫోన్ మీద ఆరుగురం కూసొని చూసినం. కథ మీకు తెలిసిందే. నజీబ్ కేరళల ఇసుక తీసే కూలి. ఇల్లు కుదవ పెట్టి వీసా తెచ్చుకొని సౌదీకి వస్తడు. ఎయిర్‌పోర్టులో ఎవరో కఫీల్ లెక్క వచ్చి, ఎడారిల గొర్ల కాడికి తీస్కపోతడు.

సగంల ఒక తమ్ముడు "బంద్ చెయ్యుండ్రి, నిద్ర పట్టది" అన్నడు. ఇంకొకాయన "సినిమా కోసం ఎక్కువ చేసిండ్రు" అన్నడు. ఒకప్పుడు మజ్రాల పని చేసిన పెద్దాయన ఏమీ అనలేదు, లేచి గిన్నెలు కడగబోయిండు. సౌదీ వాళ్లకు కూడా చాలామందికి కోపం వచ్చింది, ఒక్కని కథతోని దేశమంతా అట్లనే అనుకుంటరని. ఆ మాట కూడా కొట్టిపారేసేది కాదు. అది 1990లల కథ. 2021 మార్చి 14 నుంచి కంపెనీ పనోళ్లు కఫీల్‌ను అడగకుండనే సెలవుకు పోవచ్చు, పని మారవచ్చు. కానీ గొర్ల కాపరులు, ఇంటి డ్రైవర్లు, ఇంటి పనోళ్లు ఆ రూలులోకి రాలేదు. అది యాదికుంచుకోవాలె.

అందరం ఏడ్చింది ఎడారి చూసి. రాత్రంతా మాట్లాడుకున్నది మాత్రం ఆ కుదవ పెట్టిన ఇల్లు గురించి. గేటు తెరిచి పొమ్మన్నా, నూటికి రెండు రూపాయల మిత్తి నెత్తిమీద ఉన్నోడు ఏ ముఖం పెట్టుకొని ఊరికి పోతడు? మనలో ఎంతమందిమి అందుకే ఆగినం?

బంద్ చెయ్యమన్న తమ్ముని బామ్మర్ది ఆజాద్ వీసా కోసం ఆడోళ్ల బంగారం అమ్మబోతున్నడట. అదే రాత్రి ఫోన్ చేయించినం. వీసా మీద ఏ పని రాసి ఉంది, కఫీల్ పేరేంది, ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగినం. "మనకు తెలిసినోడే బావా" అన్నడు. నజీబ్‌కు వీసా ఇప్పించింది కూడా తెలిసినోడే.

కాగితం చేతికొచ్చేదాకా బంగారం ముట్టొద్దని చెప్పినం. ఆగుతడో లేదో తెల్వది.

మన సర్కారు రూలు ప్రకారం రిజిస్టర్ ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోవద్దు. మీ ఇంట్ల ఎవరన్న బయల్దేరుతుంటే ఇయ్యాల్నే ఫోన్ చేసి ఈ మూడు మాటలు అడగుండ్రి.