గ్రేవీది తప్పు లేదు, చిటికెడు ఇంగువదే

ఈ మధ్య ఆఫీసు క్యాంటీన్లలో కూరల ముందు చీటీలు పెడుతున్నారు. వీగన్ అని ఒకటి, గ్లూటెన్ ఫ్రీ అని ఇంకొకటి. రెండు చీటీలూ ఒకే గిన్నె ముందు కనబడితే మనవాళ్ళలో చాలామంది ఆ గిన్నె దాటేసి పక్క గిన్నె దగ్గరికి పోతారు. అది రోగుల తిండో, ఫ్యాషన్ తిండో అయ్యుంటుందని వాళ్ళ లెక్క. నాకు నవ్వొస్తుంది. మాది మదనపల్లె వైపు పెద్దమండ్యం. మా ఊళ్ళల్లో సంగటిలోకి చేసే చెనక్కాయల పులుసుకీ, సంక్రాంతి ముందర వండే అనపగింజల కూరకీ ఈ రెండు చీటీలూ పుట్టుకతోనే ఉన్నాయి. అంటించినవాళ్ళు లేరు, అంతే.

అలాగని "మన పెద్దలకు అన్నీ తెలుసు" అని జెండా ఎగరేసి ముగించే ఉద్దేశం లేదు. ఈ సంగతి మా ఇంట్లో సరదాది కాదు. మా అక్క కూతురికి సీలియాక్ జబ్బు. గోధుమలు, బార్లీ, రై అనే మూడు ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ కడుపులోకి పోతే ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ రెచ్చిపోయి చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. పొర దెబ్బతింటే తిన్నది ఒంటికి పట్టదు. ఆ పిల్లకి రెండేళ్ళపాటు రక్తం తక్కువ అన్నారు, ఐరన్ మాత్రలు ఇచ్చారు, పురుగుల మందు ఇచ్చారు. పిల్ల ఎత్తు మాత్రం పెరగలేదు. చివరికి మావైపు వాళ్ళందరూ చేసినట్టే వేలూరుకి పోతే అక్కడ తేలింది. గోధుమ జన్మంతా బంద్. పేగు కోలుకునేదాకా పాలు, పెరుగు కూడా కొన్నాళ్ళు ఆపమన్నారు. మా ఇంట్లో మాంసం ఎటూ లేదు. కాబట్టి మా అక్క వంటిల్లు ఒక్కరోజులో గ్లూటెన్ లేని వీగన్ వంటిల్లు అయిపోయింది.

దక్షిణాదిలో ఇది అరుదే. 2016లో అచ్చయిన ఒక పెద్ద సర్వేలో ఉత్తరాదిన, ఈశాన్యంలో, వేలూరు వైపున కలిపి ఇరవై మూడు వేల మందికి పైగా రక్తపరీక్షలు చేశారు. ఉత్తరాదిలో వెయ్యికి ఎనిమిది మంది పైచిలుకు సీలియాక్ ఉన్నవాళ్ళు దొరికితే, దక్షిణాదిలో పదివేలకు ఒక్కరు. జన్యువుల్లో చూస్తే అంత తేడా లేదు. తేడా అంతా కంచంలో ఉంది. అక్కడ రోజుకు తలకి సుమారు 455 గ్రాముల గోధుమలు, ఇక్కడ 25 గ్రాములు. ఇప్పుడు మనం షుగర్ పేరు చెప్పి రాత్రిళ్ళు చపాతీ, తీరిక లేదని పొద్దున ఉప్మా, పిల్లలకి మధ్యలో బిస్కెట్లు, వీకెండ్ పరోటా తింటున్నాం. ఆ 25 ఎక్కడికి చేరుతుందో ఎవరి ఇంటి లెక్క వాళ్ళు వేసుకోవచ్చు. అరుదు కాబట్టే డాక్టర్లకి కూడా చప్పున తట్టదు, చుట్టాలు అసలు నమ్మరు.

సరే, గ్రేవీ దగ్గరికొద్దాం. దొరల వంటలో గ్రేవీ అంటే వెన్నలో మైదా వేయించి, మాంసం ఉడికిన నీళ్ళు పోసి చిక్కబరిచేది. దాన్ని గ్లూటెన్ లేకుండా, వీగన్‌గా చెయ్యాలంటే వాళ్ళు నానా తంటాలూ పడతారు. ఇక్కడ ఒక చిన్న సాంకేతిక విషయం ఉంది. మైదా వేస్తే గ్రేవీ చిక్కబడేది గ్లూటెన్ వల్ల కాదు. పిండిలోని స్టార్చ్ వేడికి నీళ్ళు పీల్చి ఉబ్బడం వల్ల. రొట్టె సాగడానికి గ్లూటెన్ కావాలి గానీ పులుసు చిక్కబడడానికి దాంతో పనే లేదు. బియ్యప్పిండి, రాగిపిండి, మొక్కజొన్న పిండి ఏదైనా ఆ పని చేస్తుంది. చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, పులుసు ఉడికేటప్పుడు పోసి తిప్పుతూ ఉంటే చాలు.

మావైపు పిండి అవసరం కూడా పెద్దగా రాదు. పడమటి మండలాల్లో వానను నమ్ముకుని వేసే పంట చెనక్కాయ. అందుకని కూర చిక్కబడాలంటే చెయ్యి దానిమీదికే పోతుంది. మా అమ్మ లెక్క నలుగురికి ఇలా ఉంటుంది. గుప్పెడు చెనక్కాయ విత్తనాలు సన్నటి సెగమీద వేయించి పొట్టు తీయాలి. రెండు చెంచాల నూగులు, చిన్న ఎండు టెంకాయ ముక్క, ఒక చెంచా ధనియాలు, నాలుగు ఎండుమిరపకాయలు విడివిడిగా వేయించాలి. అన్నీ కలిపి ఒక చెంచా పప్పులు (మీవైపు పుట్నాలు) వేసి, నీళ్ళు చిలకరిస్తూ మెత్తగా రుబ్బాలి. రెండు ఎర్రగడ్డలు, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు నూనెలో ఎర్రగా వేగాక నాలుగు పండిన టమేటాలు వేసి, నూనె తేలేదాకా మగ్గనివ్వాలి. అప్పుడు ఆ ముద్ద, కాస్త చింతపండు రసం, ఉప్పు, నీళ్ళు. పది నిమిషాలు ఉడికితే గరిటెకి అంటుకునేంత చిక్కన. ఉర్లగడ్డ వేసుకుంటారో, వంకాయ వేసుకుంటారో, సంగటి ముద్ద గుంటలో పోసుకుంటారో మీ ఇష్టం.

ఇందులో మాంసం లేకపోయినా నాలుక మీద నిలబడే ఆ రుచి ఎక్కడిది? 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు చారులోంచి గ్లుటమేట్ తీసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. అజినొమొటో పుట్టింది అక్కడే. అదే గ్లుటమేట్ బాగా పండిన టమేటాలో సహజంగా ఉంటుంది. మగ్గబెట్టి నీళ్ళు ఇగిరిస్తే ఇంకా చిక్కబడుతుంది. టమేటాకి మదనపల్లె మార్కెట్టు దేశమంతా తెలిసిన పేరు. 2023 జులైలో కిలో రెండొందల దాకా పోయింది చూశారుగా. ఇక ఎర్రగడ్డ, చెనక్కాయ వేయించినప్పుడు వచ్చే కమ్మటి వాసన మాయార్ చర్య. 1912లో ఆ రసాయనాన్ని వర్ణించిన ఫ్రెంచాయన పేరు అది. కాబట్టి మూకుట్లోనే రుచి తయారవుతున్నప్పుడు ప్యాకెట్లోంచి తెచ్చి పోయాల్సిన అవసరం తక్కువ.

ఇప్పుడు అసలు కథ. గోధుమ ఆపిన ఆరు నెలలకి పిల్లకి మళ్ళీ రక్తపరీక్ష చేశారు. యాంటీబాడీల అంకె తగ్గాల్సినంత తగ్గలేదు. చపాతీ లేదు, బిస్కెట్ లేదు, సేమియా లేదు. మరి ఎక్కణ్ణుంచి వస్తోంది? మన భాషలో చెప్పాలంటే కోడంతా మనమే రాశాం, లోపం కనబడటం లేదు. అలాంటప్పుడు ఏం చేస్తాం? బయటి లైబ్రరీలు ఏవేం వాడామో ఒక్కొక్కటే తెరిచి చూస్తాం. మా అక్కా నేనూ ఒక ఆదివారం కూర్చుని వంటింట్లో డబ్బాలన్నీ తిప్పి వెనకవైపు చదివాం. ఇంగువ డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంది, గోధుమ పిండి అని.

ఇందులో మోసం ఏమీ లేదు. అసలు ఇంగువ అఫ్ఘనిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్ల నుంచి వచ్చే మొక్క పాలు ఎండిన బంక. ఘాటు భరించలేం. అందుకని జిగురు, స్టార్చ్ లేదా ధాన్యపు పిండి కలిపి అమ్ముతారు. చట్టం దీన్ని ఒప్పుకుంటుంది. పిండి గోధుమదైతే మనకి సమస్య, బియ్యానిదైతే లేదు. ముద్దగా ఉంది కాబట్టి అసలుది అనుకోవడానికి కూడా లేదు, ముద్ద ఇంగువలోనూ కలుపుతారు. (మన దేశంలో ఇంగువ సాగు మొదలుపెట్టింది 2020 అక్టోబర్లో, హిమాచల్ లాహౌల్ లోయలో. అది మన తాలింపు దాకా రావడానికి ఇంకా టైముంది.)

"ఒక చిటికెడేస్తే ఏమైతాదిలేమ్మా, పిల్లనట్ల ఎండగట్టొద్దు" అని చుట్టాల్లో ఒక పెద్దామె అక్కని మందలించింది. ప్రేమతోనే అన్నారు. చిటికెడుకు లెక్క వేద్దాం. అర గ్రాము ఇంగువ అనుకుందాం, అందులో సగం గోధుమ పిండి అనుకుందాం. 250 మిల్లీగ్రాములు. గోధుమ పిండిలో సుమారు పదో వంతు గ్లూటెన్, అంటే 25 మిల్లీగ్రాములు. నలుగురు తింటే తలకి ఆరు. సీలియాక్ ఉన్నవాళ్ళు రోజుకు 50 మిల్లీగ్రాములు మూడు నెలలు తింటే పేగు పొర దెబ్బతింటుందని 2007లో ఇటలీ పరిశోధన ఒకటి చెప్పింది. 10 లోపు ఉంటే చాలామందికి హాని ఉండదని తర్వాత సమీక్షలు చెప్పాయి. ఒక్క పూట ఆరు అంటే ఫర్వాలేదనిపిస్తుంది. కానీ మన ఇళ్ళల్లో ఇంగువ పప్పులో ఉంటుంది, చారులో ఉంటుంది, ఊరగాయలో, అప్పడంలో, సాంబారు పొడిలో ఉంటుంది. పొద్దు గూకేసరికి పది దాటిపోతుంది. రోజూ. అంకె ఎందుకు తగ్గలేదో అర్థమైంది. ఆ డబ్బా పోయి, తెల్లగడ్డ తాలింపు వచ్చింది. తర్వాతి పరీక్షకి అంకె దిగింది.

అందుకే నేననేది, గ్రేవీ చిక్కదనం గురించి బెంగ అక్కర్లేదు, వాసన కోసం వేసేవాటి గురించే జాగ్రత్త కావాలి. మేం పెట్టుకున్న లెక్క ఇది.

సోయా సాస్ చాలామటుకు సోయాతోపాటు గోధుమలు పులియబెట్టి చేస్తారు. గోధుమ లేకుండా చేసే టమారి రకాలున్నాయి గానీ, అదీ లేబుల్ చూసే కొనాలి. మాల్ట్ అని ఎక్కడ కనబడ్డా బార్లీ అనుకోవాలి. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఒక్కోసారి బీరు తయారీలో మిగిలిన ఈస్ట్ నుంచి వస్తుంది, అందులోనూ బార్లీ ఉండొచ్చు. 621 అంటే అజినొమొటో. చెరకు మడ్డి, స్టార్చ్ లాంటివి పులియబెట్టి చేస్తారు కాబట్టి గ్లూటెన్ భయం లేదు, వీగనే. పన్నెండు నెలల లోపు పిల్లలకి మాత్రం వద్దని ప్యాకెట్ మీదే వేస్తారు. 631 అని ఉంటే అది చేపల నుంచో మాంసం నుంచో రావచ్చు, మొక్కల నుంచీ రావచ్చు. ఆకుపచ్చ చుక్క ఉంటే మాంసం లేదని అర్థం గానీ, పాలు లేవని కాదు. దానికి వేరే వీగన్ గుర్తు ఉంది, 2022 నిబంధనల్లో వచ్చింది. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదు. గ్లూటెన్ ఉండే ధాన్యాలు వాడితే ఆ సంగతి లేబుల్ మీద చెప్పి తీరాలి. విడిగా తూచి అమ్మే మసాలా పొడికి ఈ భాగ్యం ఏదీ లేదు. అందుకని విడి పొడులు మా అక్క ఇంట్లోకి రావు. ధనియాలు, మిరియాలు, జీలకర్ర గింజలుగానే వస్తాయి, మిక్సీలో పొడి అవుతాయి.

ఇంకో రెండు సంగతులు. మొదటిది పిండి మర. రాగుల్లో గ్లూటెన్ లేదు, కరెక్టే. కానీ మనకన్నా ముందు గోధుమలు ఆడించినాయన పిండి ఆ మరలో మిగిలే ఉంటుంది. ధాన్యం శుద్ధమైనా మర శుద్ధం కాదు. ఆ పిల్ల రాగులు ఇంట్లోనే పడతారు. రెండోది చెనక్కాయలు. తడిగా నిలవచేసిన వాటికి బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకుపైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, వాటి మేతలోని చెనక్కాయ పిండిలో బయటపడిందిది. వేయించినా పూర్తిగా పోదు. ముడతలు పడ్డవి, రంగు మారినవి, చేదువి మొహమాటం లేకుండా ఏరి పారెయ్యాల్సిందే. మా అవ్వ చేటలో పోసుకుని గంటసేపు ఏరేది ఊరికే కాదు.

ఇదంతా చదివి రేపట్నుంచి గోధుమలు మానేస్తాననే మిత్రులకి ఒక మాట. ఈ జబ్బు లేనివాళ్ళు గోధుమ మానాల్సిన పని లేదు. అనుమానం ఉంటే మానకముందే రక్తపరీక్ష చేయించుకోవాలి. గోధుమ మానేశాక చేయిస్తే జబ్బున్నా పరీక్షలో కనబడకపోవచ్చు. ఇంటర్నెట్ చూసి మానేసి, ఆర్నెల్ల తర్వాత పరీక్షకి పోయేవాళ్ళు మన ఫీల్డులోనే ఎక్కువ.

అలాగే ఇంటికొచ్చిన పిల్ల "ఇందులో ఏముంది అత్తా?" అని అడిగితే అది పొగరు కాదు. పెళ్ళిళ్ళకి పోతే మా మేనకోడలు ఈ ప్రశ్న అడిగి అడిగి అలిసిపోయి, ఇప్పుడు ఉత్త అన్నం, చెనక్కాయ పొడి డబ్బాలో పెట్టుకుని పోతుంది. పక్కన కూర్చున్నవాళ్ళు "పాపం, ఏమీ తినదు" అంటారు. తినదని కాదు, చెప్పేవాళ్ళు లేరు. వడ్డించేవాళ్ళకి తెలియదు, వండినాయనని అడిగితే విసుక్కుంటాడు. ఇంగువ డబ్బా తిప్పి చదవడానికి పట్టేది పది సెకన్లు. ఆ పది సెకన్లు పెట్టే ఇంట్లో ఆ పిల్ల కడుపునిండా తింటుంది.

మీ ఇంటి ఇంగువ ఏ పిండిదో ఈ పూట ఒకసారి చూడండి.