ఎందుకు మానినట్లు?

ఏదైనా పని చేసినప్పుడుగాని, మానినప్పుడుగాని మనిషి ఒక కారణం చెబుతాడు. అసలు కారణం వేరే ఉంటుందనీ, పైకి చెప్పేది వట్టి సాకనీ పెద్దలు తేలికగా కొట్టివేస్తుంటారు. కాని ఒకసారి నోటినుండి వెలువడిన కారణం ఊరుకోదు, చెప్పినవాణ్ణే పట్టుకొంటుంది. ఈతకు రమ్మన్న మిత్రునితో 'జలుబు చేసింది' అని తప్పించుకొన్న కుర్రవాడు, సాయంకాలం ఐస్‌ఫ్రూట్ బండి వచ్చినప్పుడు దూరంగా నిలబడక తప్పదు.

ఈ సంగతి గాంధీజీ ఆత్మకథ చదివితే బాగా బోధపడుతుంది. ఆ పుస్తకంలో రాజకీయాలకంటె తిండి సంగతులే ఎక్కువేమో అనిపిస్తుంది కూడా.

మోహన్‌దాస్‌ది వైష్ణవ కుటుంబం. ఇంట్లో మాంసం మాటే ఎత్తరు. రాజకోటలో చదువుకొనే రోజుల్లో ఒక స్నేహితుడు అతనికి నూరిపోశాడు: మాంసం తినేవారు గనుకనే ఆంగ్లేయులు మనల్ని ఏలుతున్నారు, తినము గనుకనే మనం బలహీనులమయ్యాము అని. చీకటికి, దొంగలకు, పాములకు జడిసి దీపం లేనిదే నిద్రపోలేని కుర్రవానికి ఆ మాట బాగా తలకెక్కింది. నది ఒడ్డున ఎవరూ లేనిచోట మేకమాంసం నోట పెట్టాడు. అది తోలులా ఉండి గొంతు దిగలేదు. రాత్రి కన్ను మూస్తే కడుపులో మేక అరుస్తున్నట్లు తోచింది. అయినా ఇది రుచికోసం కాదు, చేయవలసిన పని అని తనకు తాను చెప్పుకొని ధైర్యం తెచ్చుకొన్నాడు. గొప్ప కారణం చేతిలో ఉంటే మేక అరుపు కూడా వినిపించదు కాబోలు! ఏడాది కాలంలో అయిదారు విందులు అలా జరిగాయి.

విందు జరిగిననాడు ఇంట్లో భోజనం ఎలా చేస్తాడు? ఆకలిగా లేదమ్మా, అరగలేదు అని తల్లికి చెప్పేవాడు. ఆ చిన్న అబద్ధమే చివరకు అతణ్ణి ఆపింది. ఇక్కడొక విచిత్రం గమనించాలి. మాంసం చెడ్డదని అతడు మానలేదు. తల్లిదండ్రులతో అబద్ధమాడడం మాంసం తినకపోవడంకంటె చెడ్డదనుకొని మానాడు. వారి తరువాత, తాను స్వతంత్రుడైనాక, బాహాటంగానే తినవచ్చునని గడువు కూడా పెట్టుకొన్నాడు.

1888లో బారిష్టరు చదువుకు సీమకు పోవలసివచ్చింది. తల్లి పుత్లీబాయి భయపడింది. మద్యమాంసాలు ముట్టననీ, పరస్త్రీని తాకననీ బేచర్‌జీ స్వామి అనే జైన సాధువు మోహన్‌దాస్‌చేత ప్రమాణం చేయించాడు. సెప్టెంబరు 4న బొంబాయిలో ఓడ కదిలింది. లండనులో స్నేహితులు మాంసం తినమని పుస్తకాలు విప్పి వాదించారు. వాదంలో అతడు వారిముందు నిలవలేకపోయాడు. అయినా ప్రమాణం తప్పలేనని చెప్పి, ఉప్పూకారం లేని ఉడికిన కూరలతో సగం కడుపు నింపుకొని రోజులు గడిపాడు.

ఒకనాడు ఫారింగ్డన్ వీధిలో శాకాహారుల భోజనశాల కంటబడింది. అక్కడే ఒక షిల్లింగు ఇచ్చి హెన్రీ సాల్ట్ రాసిన పుస్తకం కొన్నాడు. భారతీయులందరూ మాంసం తినాలని అంతవరకూ మనసులో అనుకొంటూనే ఉన్నవాడు, ఆ పుస్తకం చదివి ఇష్టపూర్వకంగా శాకాహారి అయ్యాడు. పళ్ళెంలో తేడా ఏమీ లేదు. కాని ప్రమాణానికి కట్టుబడి ఊరుకొన్నవాడు ఇప్పుడు ఇతరులకు చెప్పడం మొదలుపెట్టి, లండను శాకాహార సంఘం కార్యవర్గంలో సభ్యుడు కూడా అయ్యాడు.

మధ్యలో గుడ్ల సంగతి ఒకటి వచ్చింది. గుడ్డు మాంసం కాదనే వాదం పట్టుకొని కొన్నాళ్ళు తిన్నాడు. ప్రమాణం చేయించుకొన్న తల్లి మనసులో మాంసమంటే ఏమిటో అదే తనకూ అర్థం కావాలని తట్టగానే మానివేశాడు.

పెద్దయ్యాక ఆ పట్టు కొంత సడలింది. 1912లో దక్షిణాఫ్రికాలో గాంధీజీ పాలు మానివేశారు. కలకత్తాలో పాలకోసం పశువులను పెట్టే హింసను గురించి చదవడం అందుకొక కారణం. 1918లో జబ్బుచేసి చిక్కి శల్యమైనప్పుడు, పాలు తాగనిదే బలం రాదని డాక్టరు చెప్పాడు. వ్రతముంది, తాగనన్నారు గాంధీజీ. మీరు వద్దనుకొన్నవి ఆవుపాలు, గేదెపాలే కదా, మేకపాలకేమి అడ్డమన్నారు కస్తూరిబా. ఆయన లొంగిపోయారు. బతికి సత్యాగ్రహం నడపాలన్న ఆశే తనను ఒప్పించిందనీ, వ్రతంలో మాట మిగిలిందిగాని ప్రాణం పోయిందనీ తరువాత దాపరికం లేకుండా రాసుకొన్నారు. ఆయన వెంట మేకను చూచి లోకం ముచ్చటపడింది. ఆయనకు మాత్రం అది మనసులో గుచ్చుకొంటూనే ఉండేది. అయినా మేకపాలు మానలేదు.